పత్తి కుప్ప వేడి కంప్యూటరుకు తెలియాలంటే

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతును ధర కంటే ముందు భయపెట్టే అంకె తేమ శాతం. భారత పత్తి సంస్థ లెక్కలో తేమ 8 శాతం దాటని పత్తికే పూర్తి మద్దతు ధర. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి అది క్వింటాలుకు 8,110 రూపాయలు. 8 దాటాక పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు కోత పడుతుంది. 12 దాటితే సంస్థ కొనదు.

యార్డులో అమ్ముడుపోయినంత మాత్రాన పత్తికి తేమతో పేచీ తీరదు. జిన్నింగు మిల్లులో కుప్పపోసిన పత్తి తడిగా ఉంటే లోపల్లోపల వేడెక్కుతుంది. గింజ చెడుతుంది, పింజ రంగు మారుతుంది. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఆదోనికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎమ్మిగనూరుది దీనికి సరిగ్గా తిరగబడ్డ సమస్య. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ కృషికే 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూలు దారానికి గాలిలో కాస్త తేమ ఉంటేనే బలం. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో కర్నూలు పడమటి గాలి ఎండిపోతే పడుగు పోగులు టపటపా తెగుతాయి. నేసే సమయం కంటే పోగులు అతికే సమయం ఎక్కువవుతుంది. గుంట మగ్గం నేలలోకి దిగి ఉండటంలో ఒక లాభం నేల ఇచ్చే తేమే. షెడ్డులో నేలమీద నిలబెట్టిన మగ్గానికి ఆ ఆసరా ఉండదు.

ఒకచోట తేమ ఎక్కువై చేటు, ఇంకోచోట తక్కువై చేటు. రెండు చోట్లా కావలసింది మాత్రం ఒకటే సరంజామా: కొన్ని సెన్సార్లు, ఒక యూఎస్‌బీ అడాప్టరు, అవి చెప్పే అంకెల్ని రాత్రింబవళ్లు రాసిపెట్టే చిన్న ప్రోగ్రాము. పైథాన్ కొద్దిగా వచ్చిన డిప్లొమా విద్యార్థి, మిల్లులో లెక్కలు చూసే యువతి, సంఘం ఆఫీసులో కంప్యూటరు నడిపే కుర్రాడు, వీళ్లలో ఎవరైనా దాన్ని రాయగలరు. మీరూ రాయగలరు.

ఆ ప్రోగ్రాము అన్ని రకాల కంప్యూటర్లలోనూ నడవాలి. ఎందుకు? మిల్లు ఆఫీసులో ఉండేది టాలీ ఎక్కించిన విండోస్ డెస్క్‌టాపు. మీరు రాసేది మీ ల్యాప్‌టాప్ మీద, అందులో లినక్సు ఉండొచ్చు. పని కుదిరాక యజమాని, “రాత్రంతా ఆ పెద్ద కంప్యూటరు ఎందుకప్పా, కరెంటు దండగ” అంటాడు. అప్పుడు అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు మారాలి. అందులోనూ లినక్సే. యజమాని కూతురు బెంగళూరు నుంచి మ్యాక్‌బుక్‌తో వస్తే అందులోనూ చూపించమంటారు. మొదట్లో ఆలోచించని వాళ్లు ఇక్కడ ప్రోగ్రామును మూడుసార్లు రాస్తారు.

ఈ పనిలో దిగిన చాలామంది ముందుగా తెర తయారుచేస్తారు. గుండ్రటి మీటర్లు, రంగుల గ్రాఫులు, లాగిన్ పేజీ. నెల తర్వాత తీగ తగిలిస్తే ఒక్క అంకె రాదు, ఉత్సాహం అక్కడితో సరి. కింది మెట్లు ఆ వరుసను తిరగేస్తాయి. తీగ ముందు, తెర చివర.

1. ఏం కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి

గోదాములో గాలి తేమను కొలిచే సెన్సారు పత్తిలో తేమను కొలవదు. రెండింటికీ చుట్టరికం ఉంది కానీ రెండూ ఒకటి కావు. యార్డులో సూదుల మీటరు చూపే 11 శాతానికి, గోడకు తగిలించిన సెన్సారు చూపే 60 శాతానికి ముడిపెట్టి రైతుతో ధర మాట్లాడితే అది అన్యాయం. మీ ప్రోగ్రాముకు ఆ పని అప్పగించకండి.

కుప్ప విషయంలో నమ్మదగిన గుర్తు లోపలి వేడి. నిల్వ పత్తిలో మొదటి ఐదు నుంచి ఏడు రోజుల్లో ఉష్ణోగ్రత 8 నుంచి 11 సెల్సియస్ డిగ్రీలు గబగబా పెరిగితే తేమ ఎక్కువున్నట్టేననీ, 43 డిగ్రీలు తాకితే వెంటనే జిన్నింగుకు పంపాలనీ అమెరికా జిన్నింగు నిపుణులు చెబుతారు. 43 అన్నది అక్కడి శరదృతువు లెక్క. ఆదోనిలో మే నెల గాలే ఆ దరిదాపుల్లో ఉంటుంది! కాబట్టి మనకు పనికొచ్చేది పెరుగుదల. కుప్పలో రెండు మూడు ప్రోబులు, బయట నీడలో ఒకటి పెట్టి, తేడా చూడాలి. బయటి ప్రోబు అనవసరమని మానేస్తే మీ గ్రాఫు ఎండను కొలుస్తుంది.

ఇందుకు డీఎస్18బీ20 అనే ప్రోబు చాలు. స్టీలు గొట్టంలో బిగించి అమ్ముతారు. డాలస్ సెమీకండక్టర్ కంపెనీ తెచ్చిన ఈ చిప్పు -55 నుంచి 125 డిగ్రీల వరకు చదువుతుంది, మనకు కావలసిన మేరలో అర డిగ్రీ అటూ ఇటూగా చెబుతుంది. నకిలీలు విపరీతం. ఒకేసారి పది కొని, అన్నిటినీ ఒకే గ్లాసు నీళ్లలో ముంచి, తేడాగా చెప్పేవాటిని పక్కన పెట్టేయడం మేలు. మగ్గాల షెడ్డుకు, నూలు గదికి గాలి తేమ సెన్సారు కావాలి. మామూలు రకాలు రెండు మూడు శాతం అటూ ఇటూ చెబుతాయి. నూలుకు అంతకంటే సూక్ష్మం అక్కర్లేదు.

2. అడాప్టరులో ఏ చిప్పు ఉందో అడిగి కొనండి

యూఎస్‌బీ తీగ అయిదు మీటర్లు దాటితే నమ్మకం లేదు. గోదాము ఆ చివర ఉన్న కుప్ప నుంచి ఆఫీసు దాకా ఎలా? దీనికి ఫ్యాక్టరీలు ఎప్పటినుంచో వాడుతున్న దారి ఆర్ఎస్-485. మెలితిప్పిన రెండు తీగల మీద 1,200 మీటర్ల దాకా పోతుంది, మోటార్ల రొదను తట్టుకుంటుంది. ఆ తీగ మీద సెన్సార్లు మాట్లాడే భాష మోడ్‌బస్. మోడికాన్ అనే అమెరికన్ కంపెనీ 1979లో పెట్టిన ఈ పద్ధతి ఇంకా చెక్కుచెదరలేదు. మోడ్‌బస్ మాట్లాడే తేమ సెన్సార్లు దొరుకుతాయి, ఎనిమిది డీఎస్18బీ20 ప్రోబులు తగిలించుకునే బోర్డులూ దొరుకుతాయి. యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-485కు మార్చే అడాప్టరు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

అన్ని కంప్యూటర్లలో నడవాలనుకునేవాళ్లకు దీనిలో పెద్ద సౌకర్యం ఉంది. విండోసైనా, లినక్సయినా, మ్యాక్ అయినా అడాప్టరును మామూలు సీరియల్ పోర్టుగానే చూస్తాయి. ప్రత్యేక లైబ్రరీలు, కంపెనీ డ్రైవర్లతో కుస్తీ దాదాపు ఉండదు.

అయితే “ఏదైనా ఒకటే” అనుకోకండి. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ కంపెనీ విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిన డ్రైవరు, తన చిప్పులను అనుకరించిన నకిలీల గుర్తింపు నంబరును సున్నాగా మార్చేసింది. తెల్లారేసరికి ప్రపంచంలో ఎంతోమంది అడాప్టర్లు మూగబోయాయి, అవి నకిలీలని వాళ్లకు తెలియనే తెలియదు. ప్రొలిఫిక్ పాత చిప్పులదీ ఇలాంటి కథే. కొత్త విండోస్ డ్రైవరు వాటిని చూసి “2012 నుంచి నిలిపేశాం” అని చెప్పి ఊరుకుంటుంది. చవకలో సీహెచ్340 చిప్పు బాగానే పనిచేస్తుంది, ఒక లోపం తప్ప. ఆ లోపం నాలుగో మెట్టులో ఎదురవుతుంది. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగితే అసలు ఎఫ్‌టీడీఐ చిప్పుతో, విద్యుత్ అడ్డుగోడ ఉన్న అడాప్టరు తీసుకోండి. మోటార్ల పక్కన కంప్యూటరును కాపాడేది ఆ అడ్డుగోడే.

3. ప్రోగ్రాము రాయకముందే ఒక్క అంకె చదవండి

టేబుల్ మీద, జానెడు తీగతో, ఒకే ఒక సెన్సారు. క్యూమోడ్‌మాస్టర్ లాంటి ఉచిత ప్రోగ్రాము తెరిచి పోర్టు, వేగం 9600, సెన్సారు చిరునామా 1 ఇచ్చి చదవండి. 329 అని వచ్చిందా? కంగారు పడకండి, అది 32.9 డిగ్రీలు. చాలా సెన్సార్లు పదితో హెచ్చవేసి పంపుతాయి. ఇప్పుడు సెన్సారు మీద నోటితో ఊదండి. తేమ అంకె ఎగబాకితే తీగ, అడాప్టరు, సెన్సారు మూడూ బాగున్నట్టే. ఇక తప్పు ఏదైనా వస్తే అది మీ ప్రోగ్రాములోనే ఉంటుంది. వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోయింది కదా?

ఏమీ రాకపోతే? ముందుగా “ఏ”, “బీ” అని గుర్తున్న రెండు తీగలను తారుమారు చేసి చూడండి. ఏది “ఏ” అనే విషయంలో తయారీదారులకే ఏకాభిప్రాయం లేదు. మార్చినందువల్ల ఏదీ కాలిపోదు. అప్పటికీ రాకపోతే రిజిస్టరు నంబరును, అంటే సెన్సారు లోపల అంకె ఉండే గడి నంబరును, ఒకటి తగ్గించి, ఒకటి పెంచి చూడండి. కొందరు సున్నా నుంచి లెక్కపెడతారు, కొందరు ఒకటి నుంచి. ఆ తర్వాతే వేగం, చిరునామాల సంగతి.

కొత్త సెన్సార్లు చాలావరకు చిరునామా 1తోనే వస్తాయి. రెండిటిని ఒకే తీగ మీద పెట్టి పిలిస్తే రెండూ ఒకేసారి పలికి అంకెలు కలగాపులగం అవుతాయి. ఒక్కొక్కదాన్నే విడిగా తగిలించి, కుప్పవాటికి 11, 12, 13 అని, నూలు గదివాటికి 21 నుంచి చిరునామాలు మార్చి, పెట్టె మీద మార్కరుతో రాసుకోండి. 1ని ఎవరికీ ఇవ్వకండి, కొత్తగా వచ్చేవాటి కోసం ఖాళీగా ఉంచండి.

4. పోర్టు పేరును ప్రోగ్రాములో రాసిపెట్టకండి

మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. ప్రోగ్రాములో “కామ్3” అని రాశారు, నడుస్తోంది. మిల్లులో బిగించారు. వారం తర్వాత ఎవరో ప్రింటరు కోసం మీ అడాప్టరు పీకి, తిరిగి పక్క సాకెట్టులో గుచ్చారు. ఇప్పుడది కామ్7. ప్రోగ్రాము కామ్3 కోసం తలుపు కొడుతూనే ఉంది. మిల్లులో మీకు ఫోను చేయాలని ఎవరికీ తోచదు. పదిహేను రోజుల తర్వాత వెళ్లి చూస్తే ఖాళీ ఫైలు.

ఏ కంప్యూటరులోనైనా నడిచే ప్రోగ్రాముకు అసలు కీలకం ఈ మెట్టే. విండోస్ పోర్టులను కామ్ నంబర్లతో పిలుస్తుంది. లినక్సు టీటీవై యూఎస్‌బీ0, యూఎస్‌బీ1 అంటుంది, ఏది ముందు గుచ్చితే అది సున్నా. మ్యాక్ ఒకే అడాప్టరుకు రెండు పేర్లు పెడుతుంది, టీటీవైతో మొదలయ్యేది ఒకటి, సీయూతో మొదలయ్యేది ఇంకొకటి. మీరు తెరవాల్సింది సీయూ. ఇన్ని పేర్లకు ఇన్ని షరతులు రాసుకుంటూ పోతే ప్రోగ్రాము సగం పోర్టుల పేర్లతోనే నిండుతుంది.

పైథాన్‌లో పైసీరియల్ అనే లైబ్రరీ ఉంది. కంప్యూటరులో ఉన్న పోర్టులన్నిటి జాబితా, ఒక్కోదాని చిప్పు గుర్తింపు నంబర్లతో సహా ఇస్తుంది. మూడు వ్యవస్థల్లోనూ ఒకే పిలుపు. ఎఫ్‌టీడీఐ వారి సాధారణ చిప్పుకు తయారీదారు నంబరు 0403, వస్తువు నంబరు 6001. పైగా ఎఫ్‌టీడీఐ చిప్పుకు మామూలుగా తనకంటూ ఒక వరుస నంబరు ఉంటుంది. ఆ నంబరును సెట్టింగుల ఫైలులో ఉంచితే ఏ సాకెట్టులో గుచ్చినా ప్రోగ్రాము పట్టుకుంటుంది. సీహెచ్340 లోపం ఇక్కడే. వస్తువు నంబరు 7523 అని చెబుతుంది కానీ వరుస నంబరు సాధారణంగా ఉండదు. అలాంటివి రెండు గుచ్చితే కుప్పది ఏదో, నూలు గదిది ఏదో చెప్పలేరు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. ప్రోగ్రాము మొదలవగానే దొరికిన ప్రతి పోర్టునూ తెరిచి, “11 ఉన్నావా?” అని అడగాలి. ఎక్కడ జవాబు వస్తే అదే కుప్ప పోర్టు. “21 ఉన్నావా?” అన్నప్పుడు ఎక్కడ పలికితే అదే నూలు గది. పోర్టు పేరుతో, చిప్పుతో, సాకెట్టుతో నిమిత్తం లేదు. మూడో మెట్టులో చిరునామాలు మార్కరుతో రాసుకోమన్నది ఇందుకే. అడాప్టరు ఊడిపోతే ప్రోగ్రాము చచ్చిపోకూడదు. పది సెకన్లు ఆగి మళ్లీ వెతుకులాట మొదటినుంచి ప్రారంభించాలి.

లినక్సులో ఇంకో రెండు గుంతలు ఉన్నాయి. ఒకటి అనుమతి. ఉబుంటు, డెబియన్‌లలో మామూలు వాడుకరికి సీరియల్ పోర్టు తెరిచే హక్కు ఉండదు, డయల్‌ఔట్ అనే గుంపులో చేర్చుకోవాలి, ఆ తర్వాత లాగౌట్ అయి మళ్లీ రావాలి. చాలామంది ఆ చివరి ముక్క మర్చిపోయి గంటలు పోగొట్టుకుంటారు. రెండోది మరీ చిత్రం. ఉబుంటు 22.04లో సీహెచ్340 అడాప్టరు గుచ్చగానే పోర్టు కనిపించి, మరుక్షణం మాయమవుతుంది. అంధులు చదువుకునే బ్రెయిలీ పలకల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే సాఫ్ట్‌వేరు, ఇది తన పలకే అనుకుని లాగేసుకుంటుంది. కారణం తెలియకపోతే అడాప్టరే పాడైందనుకుంటారు. ఆ కంప్యూటరులో బ్రెయిలీ పలక వాడేవాళ్లు లేకపోతే దాన్ని తీసేయండి.

5. రాని రీడింగును కల్పించకండి

ఒక మిల్లును ఊహించుకోండి. రాత్రి కాపలా ఉన్న పెద్దాయన తెర వంక చూసి కుర్రాణ్ణి అడిగాడు: “ఏమప్పా, మాపటేల నుంచి 34.5 అనే సూపిస్తాంది. ఇది బతికే ఉందా?” కుర్రాడు నవ్వి, “కుప్ప నిలకడగా ఉందన్నా” అన్నాడు. నిజానికి సాయంత్రమే ఎలుక తీగ కొరికేసింది. జవాబు రానప్పుడు పాత అంకెనే చూపించమని ప్రోగ్రాములో రాసి ఉంది, తెర ఖాళీగా ఉంటే బాగుండదని!

పని మొత్తంలో ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు లేదు. ప్రోగ్రాము పడిపోతే ఎవరో ఒకరు గమనిస్తారు. అబద్ధం చెబుతూ నడిచే ప్రోగ్రామును ఎవరు అనుమానిస్తారు?

జవాబు రాకపోతే మూడుసార్లు అడగండి. అప్పటికీ రాకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన “జవాబు లేదు” అని రాయండి. సున్నా రాయకండి. సున్నా ఒక ఉష్ణోగ్రత. తెర మీద చివరి అంకె పక్కన అది ఎన్ని నిమిషాల కిందటిదో తప్పకుండా చూపించండి.

రెండో రకం అబద్ధం సెన్సారు నుంచే వస్తుంది. డీఎస్18బీ20కి కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే, కొత్తగా కొలిచేదాకా దాని జేబులో ఉండే అంకె 85 డిగ్రీలు. దాన్ని నమ్మి అలారం మోగిస్తే అర్ధరాత్రి హమాలీలంతా బకెట్లతో పరుగెత్తుకొస్తారు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి నిజంగా వేడెక్కినా ఎవరూ రారు. అందుకని ఒక్క గంతులో 85కు చేరిన అంకెను పక్కన పెట్టి, మరోసారి చదివి చూడాలి. కుప్ప అయిదు నిమిషాల్లో యాభై డిగ్రీలు ఎక్కదు. అలాగే 6552.6 డిగ్రీలు అని వచ్చిందంటే ఏదో పేలిపోయిందని కాదు. అది -1.0 డిగ్రీ. రుణ సంఖ్యలను చదవడం మీ ప్రోగ్రాముకు రాలేదు. ఆదోనిలో సున్నా కిందకు పోయేదెప్పుడని వదిలేయొద్దు, అదే ప్రోగ్రామును రేపు శీతల గిడ్డంగి వాళ్లు అడుగుతారు.

ఎంత తరచుగా చదవాలి? సెకనుకు పదిసార్లు చదివితే గొప్ప అనుకునేవాళ్లున్నారు. డీఎస్18బీ20 పూర్తి సూక్ష్మతతో ఒకసారి కొలవడానికే 750 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కుప్పకు అయిదు నిమిషాలకు ఒకసారి చాలు, రోజుకు 288 రీడింగులు. మగ్గాల షెడ్డుకు నిమిషానికి ఒకటి, అంటే రోజుకు 1,440.

6. రాసే చోట జరిగే మోసాలు

మిల్లు కంప్యూటరు పాతదైతే లోపలి గుండ్రటి బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వస్తే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, మీ రీడింగులూ ఆ ఏటికే చేరతాయి. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలోనైతే గడియారం బ్యాటరీ ఊసే లేదు. ప్రోగ్రాము మొదలైనప్పుడు, చివరిగా రాసిన సమయం కంటే ఇప్పటి సమయం వెనక ఉంటే రాయడం ఆపి హెచ్చరించాలి. ఇరవై రూపాయల బ్యాటరీ మార్చమని చెప్పడం మీ పనే.

అంకెలను ఎస్‌క్యూలైట్‌లో దాచండి. ఒకే ఫైలు, మూడు వ్యవస్థల్లోనూ అదే తెరుచుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా సాధారణంగా చెడదు. లెక్కలవాళ్లకు మాత్రం ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలు కావాలి. అక్కడ రెండు పొరపాట్లు దాదాపు అందరూ చేస్తారు. విండోస్‌లో వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ వరుస రావడం ఒకటి; ఫైలు తెరిచేటప్పుడు కొత్త వరుస గుర్తును ఖాళీగా ఇవ్వకపోవడమే కారణం. “నూలు గది”, “కుప్ప 2” అని తెలుగులో రాసిన పేర్లు ఎక్సెల్‌లో పిచ్చిగీతలుగా కనిపించడం ఇంకొకటి. ఫైలు మొదట్లో యూనికోడ్ గుర్తు పెట్టి దాస్తే, పైథాన్‌లో దానికి యూటీఎఫ్-8-సిగ్ అని పేరు, ఎక్సెల్ తెలుగును సరిగ్గా చూపిస్తుంది. దీనికి భయపడి పేర్లన్నీ ఇంగ్లిషులో పెట్టకండి. ఆ ఫైలు చదివేది మగ్గాల షెడ్డు మేస్త్రీ.

7. తెర ఇప్పుడు

విడిగా కిటికీలు, బటన్లు తయారుచేసే పెద్ద లైబ్రరీల జోలికి పోకుండా, ప్రోగ్రామే ఒక చిన్న వెబ్ పేజీని చూపేట్టు రాయండి. బ్రౌజరు ప్రతి కంప్యూటరులోనూ ఉంది. తెలుగు ఒత్తులు, గుణింతాలు అందులో సరిగ్గా కూర్చుంటాయి. పైథాన్‌తో వచ్చే టీకింటర్‌లో లినక్సు మీద ఈ విషయంలో ఇబ్బందులున్నాయి. అదే వైఫైలో ఉన్న ఫోనులోనూ పేజీ తెరుచుకుంటుంది. మూడు పెద్ద అంకెలు, వాటి వయసు, ఒక గ్రాఫు. చాలు.

పైథాన్ లేని కంప్యూటరుకు ఇవ్వడానికి పైఇన్‌స్టాలర్‌తో మూట కట్టొచ్చు. విండోస్ మూట విండోస్‌లోనే కట్టాలి, మ్యాక్ మూట మ్యాక్‌లోనే. లినక్సులో కూర్చుని మూడూ కట్టేయడం కుదరదు.

8. షెడ్డులో బిగించే రోజు

పత్తి దూది దగ్గర వదులు అతుకు ఉంటే నిప్పుకు పిలుపే. అతుకుల్ని మూత ఉన్న పెట్టెలోనే వేయండి, సెన్సార్లకు 12 లేదా 24 వోల్టులే ఇవ్వండి, 415 వోల్టుల త్రీ ఫేజ్ తీగలతో కలిపి ఒకే గొట్టంలో లాగకండి. పొడుగాటి తీగకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి. ఎలుకలున్న చోట ఇనుప గొట్టం తప్పదు. తేమ సెన్సారు జల్లెడ మూత మీద దూది పేరుకుంటే అది గాలిని కాక దూదిని కొలుస్తుంది, వారానికోసారి బ్రష్షుతో దులపాలి.

బిగించేముందు వంటింటి పరీక్ష ఒకటి చేయండి. గాలి చొరని డబ్బాలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీళ్లు కలపండి. ఉప్పుకు తగలకుండా సెన్సారును లోపల వేలాడదీసి, మూత బిగించి, రాత్రంతా వదిలేయండి. సోడియం క్లోరైడు సంతృప్త ద్రావణం పైన గాలి తేమ 25 డిగ్రీల దగ్గర 75.3 శాతం. మీ సెన్సారు 71 చూపితే 4 కలపాలని సెట్టింగుల ఫైలులో రాసుకోండి. 60 చూపితే దాన్ని వాడకండి. ఉష్ణోగ్రత ప్రోబులను దంచిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచితే సున్నా దగ్గరగా రావాలి. ఏ ప్రయోగశాలకూ పంపకుండా, ఖర్చు లేకుండా, మీ అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చో తేలిపోతుంది.

ఇంత చేశాక ప్రోగ్రాము పత్తి తేమ తగ్గించదు, నూలుకు బలం ఇవ్వదు. కుప్ప వేడెక్కుతోందని ముందుగా చెబుతుంది, అంతే. దాన్ని విప్పి ఆరబెట్టాల్సింది మనుషులే. మగ్గాల షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి తేమ పడిపోతోందని రెండు నెలల గ్రాఫు చూపిస్తే, నీళ్లు ఎప్పుడు చల్లాలో మేస్త్రీ నిర్ణయిస్తాడు. పత్తి ఎలా నిల్వ చేయాలో తెలుసుకోవాలంటే ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడగండి. సాఫ్ట్‌వేరు మీద పెట్టే ఓపికలో కొంత అక్కడా పెట్టండి.

అక్టోబరు నాటికి యార్డులోకి కొత్త పత్తి వస్తుంది, అప్పుడు మిల్లులో ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. అందుకే వేసవిలోనే ఒక అడాప్టరు, ఒక సెన్సారు కొని మూడో మెట్టు వరకు పూర్తిచేయండి. మిగతావి ఆ తర్వాత.